కార్తీక దీపాన్ని దీపంలాగే ఫోటో తీయడం ఎలా? రాత్రి ఫోటోలకు కెమెరా సెట్టింగ్స్ (బిగినర్స్ కోసం)



మన ఛానెల్ వీడియోలకు కెమెరా పట్టుకునేది నేనే కాబట్టి, కార్తీక మాసం రాగానే ఫ్రెండ్స్ అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "కళ్ళకి అంత బాగా కనిపించే దీపాలు ఫోటోలో ఎందుకు అలా వస్తాయి?" అని. "అలా" అంటే ఎలాగో మీకూ తెలుసు. ఫ్లాష్ వేస్తే అమ్మ ముఖం తెల్లగా పాలిపోయి, వెనక గోడ మీద నల్లటి నీడ పడి, దీపం వెలుగుతోందో లేదో కూడా తెలీదు. ఫ్లాష్ తీసేస్తే ఫోటో షేక్ అవుతుంది, లేదంటే దీపం ఒక తెల్లటి మచ్చలా వస్తుంది, చీకటిగా ఉండాల్సిన ఆకాశం బూడిద రంగులో కనిపిస్తుంది.

మనలో చాలామంది ఉద్యోగాల కోసం ఊరు వదిలి వచ్చినవాళ్ళం. కార్తీక పౌర్ణమికి ఇంట్లో ఉండేది ఏడాదికి ఒక్క రాత్రి. ఆ రాత్రి తులసి కోట దగ్గర అమ్మో, అమ్మమ్మో 365 వత్తులు వెలిగించే క్షణం పట్టుమని పది నిమిషాలు ఉండదు. ఆ పది నిమిషాల్లో మెనూలు వెతుక్కుంటూ కూర్చుంటే ఫోటో పోతుంది, పూజా పోతుంది. అందుకే సెట్టింగ్స్ ముందే తెలిసి ఉండాలి. ఈ పాఠం అయ్యేసరికి, కెమెరా చేతిలోకి తీసుకోగానే ఏ నంబర్లు పెట్టాలో మీకు తెలిసిపోవాలి. అదీ టార్గెట్.

1. కెమెరాకి చీకటి అంటే ఏంటో తెలీదు

ఆటో మోడ్‌లో కెమెరా చేసే పని చాలా సింపుల్. ఫ్రేమ్‌లో ఉన్న వెలుగునంతా లెక్కేసి, సగటు మధ్యస్థమైన బూడిద రంగు దగ్గరకి వచ్చేలా సర్దుతుంది. పగటిపూట ఇది బాగానే పనిచేస్తుంది. రాత్రి మాత్రం ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం చీకటే కదా. ఆ చీకటిని కూడా బూడిద రంగు దాకా లాగాలని కెమెరా చూస్తుంది. అలా లాగేటప్పుడు దీపం, దాని పక్కనున్న ముఖం తెల్లగా మాడిపోతాయి.

అంటే రాత్రి ఫోటోగ్రఫీలో మనం తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం: ఈ ఫోటోలో ఏది కనబడాలి, ఏది చీకట్లో ఉండిపోవాలి? దీపం ముందున్న ముఖం కనబడాలి. వెనకున్న గోడ, వాషింగ్ మెషీన్, చెప్పుల స్టాండ్ చీకట్లోకి పోయినా ఏమీ కాదు. నిజానికి పోతేనే మంచిది. ఈ నిర్ణయం కెమెరా తీసుకోలేదు, మీరే తీసుకోవాలి.

మాన్యువల్ మోడ్ అంటే భయమేసేవాళ్ళకి ఒక చిన్న దారి ఉంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ దాదాపు ప్రతి కెమెరాకీ ఉంటుంది. దాన్ని మైనస్ 1 నుంచి మైనస్ 2 దాకా తగ్గించండి. ఈ ఒక్క మార్పుతోనే మీ దీపాల ఫోటోలు సగం బాగుపడతాయి.

2. మూడు నంబర్లు, ఒకే లెక్క

వెలుగుని కంట్రోల్ చేసేవి మూడు.

అపర్చర్: లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే నంబర్. నంబర్ చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్/2 అంటే ఎఫ్/4 కంటే నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు.

షట్టర్ స్పీడ్: సెన్సార్ మీద ఎంతసేపు వెలుగు పడుతుందో. 1/25 సెకను అంటే 1/50 కంటే రెట్టింపు వెలుగు. కానీ అంతసేపట్లో మనిషి కదిలినా, మీ చెయ్యి కదిలినా ఫోటో బ్లర్ అవుతుంది.

ఐఎస్ఓ: వచ్చిన కాస్త వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో. 1600 అంటే 800కి రెట్టింపు. పెంచేకొద్దీ ఫోటోలో చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది.

వెలుగు రెట్టింపైనా, సగమైనా దాన్ని ఒక "స్టాప్" అంటారు. ఒక చోట ఒక స్టాప్ తగ్గితే ఇంకో చోట ఒక స్టాప్ పెంచాలి. మన ఇంజినీరింగ్ బ్యాచ్‌కి ఇది తేలికే, 2 గుణకారమే కదా. ఎఫ్/2 నుంచి ఎఫ్/4కి వెళ్తే రెండు స్టాపులు పోయాయి. కాబట్టి ఐఎస్ఓ 1600 ఉన్నదాన్ని 6400 చెయ్యాలి. అంతే.

మరి మూడింట్లో ముందు ఏది పెట్టాలి? నేను పాటించే వరుస ఇది. ముందు షట్టర్ స్పీడ్, ఎందుకంటే బ్లర్ అయిన ఫోటోని తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. తర్వాత అపర్చర్, మీ లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత. చివరికి మిగిలిన లోటంతా ఐఎస్ఓతో పూడ్చాలి. నాయిస్‌కి భయపడి ఐఎస్ఓ తక్కువ పెట్టి, ఫోటో షేక్ చేసుకోవడం కంటే కాస్త నాయిస్ ఉన్న స్పష్టమైన ముఖం ఎంతో నయం.

3. అసలు ఫోటో: దీపం వెలుగులో ముఖం

పళ్ళెంలో ఐదారు దీపాలు ఉన్నాయి, ముఖం వాటికి అడుగు, అడుగున్నర దూరంలో ఉంది అనుకుందాం. ఈ నంబర్లతో మొదలుపెట్టండి:

- షట్టర్ 1/50, అపర్చర్ ఎఫ్/2, ఐఎస్ఓ 1600.
- మీ దగ్గర కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ మాత్రమే ఉంటే: 1/50, ఎఫ్/4, ఐఎస్ఓ 6400. జూమ్ చెయ్యకండి. చాలా కిట్ లెన్సుల్లో జూమ్ చేసేకొద్దీ అపర్చర్ ఎఫ్/5.6 దాకా మూసుకుపోతుంది. మీరే ఒక అడుగు ముందుకు జరగండి.
- ఒకే ఒక్క చిన్న ప్రమిద అయితే: వెలుగు చాలా తక్కువ. ఇంకో రెండు స్టాపులు కావాలి. ఎఫ్/2 దగ్గర కూడా ఐఎస్ఓ 6400 దాకా వెళ్ళాల్సిరావచ్చు.
- 365 వత్తుల కట్ట వెలిగించినప్పుడు: మంట ఒక్కసారిగా పెద్దదవుతుంది. ఐఎస్ఓని 400, 800 దాకా దించడానికి వేలు రెడీగా పెట్టుకోండి. చాలామందికి ఫోటో మాడిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఇవి మొదలుపెట్టడానికే. ఒక ఫోటో తీసి చూసి, ఐఎస్ఓ ఒక్కటే పైకీ కిందకీ జరపండి. మిగతా రెండూ ముట్టుకోకండి.

చూసేటప్పుడు ఒక జాగ్రత్త. చీకట్లో కెమెరా స్క్రీన్ కళ్ళకి చాలా బ్రైట్‌గా కనిపిస్తుంది. ఫోటో బాగుందనుకుని ఇంటికొచ్చి చూస్తే చీకటిగా ఉంటుంది. అందుకే స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి, హిస్టోగ్రామ్ గ్రాఫ్ చూడండి. దీపం జ్వాల మధ్యలో కొంచెం తెల్లగా మాడినా పర్లేదు, అది వెలుగే కదా. కానీ నుదురు, బుగ్గలు, చీర జరీ మాడకూడదు. మాడిన చోట వివరాలు ఇక ఎప్పటికీ తిరిగి రావు. కొంచెం చీకటిగా ఉన్న ఫోటోని మాత్రం తర్వాత కొంతవరకు లేపుకోవచ్చు.

ఇప్పుడు ఈ పాఠంలో నాకు బాగా ఇష్టమైన లెక్క. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే, వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన విలోమ వర్గ నియమం ఇదే. అంటే ముఖం దీపానికి రెండడుగుల దూరం నుంచి ఒక అడుగుకి వస్తే నాలుగు రెట్ల వెలుగు, రెండు స్టాపులు. ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట 1600 సరిపోతుంది. కొత్త లెన్స్ కొంటే ఎంత లాభమో అంత లాభం, పైసా ఖర్చు లేకుండా.

అలాగని పూజలో ఉన్న మనిషిని "కొంచెం ముందుకి వంగమ్మా" అని అడగక్కర్లేదు. వత్తి వెలిగించేటప్పుడు ఎవరైనా తమంతట తామే దీపం మీదకి వంగుతారు. ఆ రెండు మూడు సెకన్లు ముఖం దీపానికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. గాలికి ఆరకుండా చెయ్యి అడ్డుపెడితే, ఆ అరచేతి మీద పడ్డ వెలుగు కూడా ముఖం మీదకి తిరిగొస్తుంది. ఫోటో అప్పుడు తీయాలి. వెలిగించాక లేచి నిలబడి నమస్కారం చేసేసరికి వెలుగు పడిపోయి ఉంటుంది.

ఫోకస్ ఎప్పుడూ కంటి మీద పెట్టండి, జ్వాల మీద కాదు. ఎఫ్/2 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ, దీపం మీద పెడితే ముఖం మెత్తబడిపోతుంది. చీకట్లో ఆటో ఫోకస్ తడబడుతుంటే, కంటికి, జ్వాలకి మధ్య వెలుగు, నీడ కలిసే గీత ఏదైనా చూసుకోండి. ముక్కు అంచు, బొట్టు, కళ్ళజోడు ఫ్రేమ్ బాగా పనికొస్తాయి. ఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న ఎర్ర లైట్ లేదా పచ్చ లైట్ మెనూలో ఆపెయ్యండి. అది సరిగ్గా కళ్ళలోకి కొడుతుంది.

4. రంగు, రెపరెపలు

నూనె దీపం వెలుగు రంగు సుమారు 1900 కెల్విన్, అంటే బాగా నారింజ. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే ఒక ఫోటో పసుపు, ఇంకోటి పాలిపోయి వస్తాయి. డేలైట్‌లో పెడితే ముఖమంతా నారింజ పూసినట్టు ఉంటుంది. కెల్విన్ ఆప్షన్‌లో 3200 నుంచి 3500 మధ్య పెట్టి చూడండి. వెచ్చదనం ఉంటుంది, చర్మం చర్మంలాగే ఉంటుంది, పసుపు, కుంకుమ రెండూ విడివిడిగా తెలుస్తాయి. వీలైతే రా ఫార్మాట్‌లో తీయండి, అప్పుడు రంగు తర్వాత కూడా సర్దుకోవచ్చు.

ఇంకో చిక్కు సీరియల్ బల్బులతో వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానికి తగ్గట్టు చాలా ఎల్ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు, కొన్ని చవక సెట్లు 50 సార్లు వెలిగి ఆరుతుంటాయి. కంటికి తెలీదు, 1/200 లాంటి షట్టర్‌కి తెలుస్తుంది. ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వస్తాయి, లేదా సగం బల్బులు ఆరిపోయినట్టు కనిపిస్తాయి. 1/50 పెడితే రెండు రకాలూ కవర్ అయిపోతాయి. నేను పైన 1/50 చెప్పడానికి ఇదీ ఒక కారణం. కరెంటు లైట్లు లేని చోట, క్రాప్ సెన్సార్ కెమెరా మీద 50 ఎంఎం లెన్స్ పెట్టి చేత్తో పట్టుకుంటే మాత్రం 1/80 సేఫ్. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి వదులుతూ వరసగా నాలుగైదు తీయండి, ఒకటైనా నిలుస్తుంది.

5. మిగతా సీన్లకి మొదటి నంబర్లు

నదిలో అరటి దొప్పల దీపాలు: ట్రైపాడ్ తప్పనిసరి. సూర్యాస్తమయం అయిన 15 నుంచి 25 నిమిషాల మధ్య ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు ఐఎస్ఓ 100, ఎఫ్/5.6, 2 సెకన్లు. దీపాలు నీటిమీద వెలుగు గీతల్లా సాగాలంటే ఎఫ్/11, 8 సెకన్లు. వెలుగు రెండింట్లోనూ సమానమే, లెక్క వేసి చూసుకోండి. బటన్ నొక్కితే కెమెరా కదులుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ పెట్టండి.

లైట్లు వేసిన గోపురం: ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్/8, 4 సెకన్లు. ఇదీ పూర్తి చీకటి పడకముందే తీస్తే గోపురం అంచు ఆకాశంలో కలిసిపోకుండా ఉంటుంది.

జ్వాలా తోరణం: శివాలయాల్లో కార్తీక పౌర్ణమి రాత్రి ఎండుగడ్డి చుట్టిన తోరణాన్ని వెలిగించి, దాని కింద నుంచి స్వామి పల్లకిని తీసుకెళ్తారు కదా. మంట కోసం 1/250, ఎఫ్/4, ఐఎస్ఓ 800. ఆ మంట వెలుగులో జనం ముఖాల కోసం 1/60, ఎఫ్/2.8, ఐఎస్ఓ 800. రెండూ ఒకే ఫోటోలో రావు, ఏది కావాలో ముందే అనుకోండి. ఎండుగడ్డి చాలా త్వరగా కాలిపోతుంది.

పౌర్ణమి చంద్రుడు: ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/100. రాత్రి పూట ఇంత పగటి సెట్టింగ్ ఏంటి అంటారా? చంద్రుడి మీద పడుతున్నది ఎండే మరి. దీపం వెలుగులో ఉన్న ముఖానికి, చంద్రుడికి మధ్య తేడా తొమ్మిది, పది స్టాపులు, అంటే 500 నుంచి 1000 రెట్లు. అందుకే దీపాల ఫోటోలో చంద్రుడు తెల్లటి బిళ్ళలా వస్తాడు. రెండూ కావాలంటే ఒక్కటే ఉపాయం, టైమింగ్. పౌర్ణమి నాడు చంద్రోదయం సూర్యాస్తమయానికి అటూ ఇటూగా ఉంటుంది. చంద్రుడు తూర్పున కింద, ఇంకా పసుపుగా, మసకగా ఉన్న ఆ మొదటి అరగంటలో ఈ తేడా చాలా తగ్గుతుంది. నవంబర్‌లో మన దగ్గర సూర్యాస్తమయం ఐదున్నర ప్రాంతంలోనే కాబట్టి ఐదింటికల్లా తూర్పు వైపు చూసే చోట నిలబడి ఉండాలి.

6. ఫోన్ మాత్రమే ఉంటే

ముందు లెన్స్ తుడవండి. నవ్వకండి, పూజ రోజు వేళ్ళకి నూనె, పసుపు ఉంటాయి. లెన్స్ మీద నూనె మరక ఉంటే ప్రతి దీపానికీ పొడుగాటి గీత వస్తుంది. తర్వాత ముఖం మీద నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది. అప్పుడు వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి లాగి, బుగ్గల మీద రంగు కనిపించేదాకా తగ్గించండి.

నైట్ మోడ్ చాలా ఫోటోలు వరసగా తీసి ఒకటిగా కలుపుతుంది. గోపురానికి బాగుంటుంది. కదిలే మనుషులకి, ఊగే జ్వాలకి ఆపెయ్యండి. జూమ్ వద్దు. తక్కువ వెలుగులో చాలా ఫోన్లు జూమ్ లెన్స్‌ని వాడకుండా మెయిన్ కెమెరా ఫోటోనే కత్తిరించి ఇస్తాయి.

7. సెట్టింగ్స్‌లో లేని సెట్టింగ్స్

ఫ్లాష్, షట్టర్ సౌండ్ రెండూ ఆపండి. గర్భగుడి వైపు కెమెరా ఎత్తకండి. తిరుమల శ్రీవారి ఆలయం లాంటి చోట్ల ఫోన్లు, కెమెరాలు లోపలికే తీసుకెళ్ళనివ్వరు, ముందే తెలుసుకుని వెళ్ళండి. రేవుల్లో కార్తీక స్నానం చేసేవాళ్ళ వైపు లెన్స్ తిప్పొద్దు. వాళ్ళు స్నానానికి వచ్చారు, మన ఫ్రేమ్ కోసం రాలేదు. తెలియనివాళ్ళు దీపం వదులుతుంటే వెనక నుంచి, చేతులు మాత్రమే తీసినా అందంగానే ఉంటుంది. ముఖం కావాలంటే అడిగి తీయండి. మెట్ల మీద నీళ్ళు, నూనె కలిసి జారుతుంటాయి, స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవకండి. కెమెరా స్ట్రాప్, చున్నీ దీపాల మీద వేలాడకుండా చూసుకోండి.

పొద్దుట్నుంచి ఉపవాసం ఉన్న అమ్మని "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని నిలబెట్టొద్దు. మళ్ళీ వెలిగించినట్టు నటించమని అస్సలు అడగొద్దు. నా రూల్ ఒకటుంది: వెలిగించేటప్పుడు తీస్తాను, వెలిగిన తర్వాత కెమెరా కింద పెట్టేసి నా దీపం నేను పెట్టుకుంటాను. నంబర్లు ముందే పెట్టుకుంటే ఇది కష్టమేమీ కాదు.

ఈ వారం హోంవర్క్

రాత్రి ఒక గదిలో లైట్లన్నీ ఆపండి. బల్ల మీద ఒక ప్రమిద, దానికి రెండడుగుల దూరంలో ముఖానికి బదులు ఒక కొబ్బరికాయ పెట్టండి. సైజు ఇంచుమించు సరిపోతుంది, కదలదు, విసుక్కోదు. 1/50 పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 400, 800, 1600, 3200, 6400 వరసగా తీయండి. తర్వాత కొబ్బరికాయని అడుగు దూరానికి జరిపి మళ్ళీ అవే ఐదు. మొత్తం పది ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండడుగుల దగ్గర 6400కి వచ్చిన వెలుగే అడుగు దగ్గర 1600కి వచ్చిందా? వస్తే మీకు ఈ పాఠం వచ్చేసినట్టే. మీ కెమెరాకి ఏ ఐఎస్ఓ దాకా నాయిస్ భరించగలరో కూడా తేలిపోతుంది. ఆ నంబర్ ఫోన్‌లో నోట్ చేసుకోండి.

పౌర్ణమికి ఫోటో కుదరకపోతే దిగులు పడకండి. కార్తీక అమావాస్య వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామునే అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ముందు చీకటి, ఆ తర్వాత తూర్పు నీలంగా తెల్లారుతుంది. అంటే వెలుగు తగ్గే బదులు నిమిష నిమిషానికీ పెరుగుతుంది కాబట్టి ఐఎస్ఓ తగ్గించుకుంటూ రావాలి. నేర్చుకునేవాళ్ళకి పౌర్ణమి కంటే ఇదే తేలిక, జనం కూడా తక్కువ. అలారం నాలుగింటికి పెట్టుకోండి, బ్యాటరీ ముందు రోజు రాత్రే ఛార్జ్ చేసుకోండి.

శుభం. హర హర మహాదేవ!